మోసేవాళ్ళు లేని మరుగుదొడ్డి

నేను పనిచేసింది మరుగుదొడ్ల మీద. ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి నాకు రిటైరయ్యేదాకా పట్టింది. పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో ఆయన "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "నీటి సరఫరాలో ఇంజనీరునండి" అనేవాణ్ణి. అబద్ధమేమీ కాదు. మా ఆఫీసు బోర్డు మీద నీళ్ళ మాట ముందుండేది, పారిశుద్ధ్యం మాట వెనకాల చిన్న అక్షరాల్లో ఉండేది. నేను మొదటి మాట చెప్పి ఊరుకునేవాణ్ణి. భోజనాల దగ్గర రెండోది ఎత్తితే పక్కవాళ్ళు విస్తరి వదిలేస్తారని సాకు చెప్పుకునేవాణ్ణి గానీ, నిజానికి నన్ను తక్కువగా చూస్తారేమోనని భయం.

ఈమధ్య మా శాఖలోనే కొత్తగా ఉద్యోగం వచ్చిన ఒకమ్మాయి తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చింది. "ఫీల్డులో ముందుగా ఏం తెలిసుండాలి సార్?" అని అడిగింది. టీ తాగినంతసేపూ గోడల మందం, గొట్టాల వాలు, ఏవో కొలతలు చెప్పి పంపించాను. ఆవిడ గేటు దాటాక నా మీద నాకే ఒళ్ళు మండింది. కొలతలు ఎవరైనా చెప్తారు. నేను చేసిన తప్పు నేను తప్ప ఎవరూ చెప్పరు. అందుకని ఆ అమ్మాయి కోసమూ, ఆవిడ లాంటి వాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, నాకు జరిగిన సన్మానం, ఇవేవీ ఇందులో ఉండవు.

ఎండాకాలం వెళ్ళి చూసిన ఊరు

ఏలూరు ఆఫీసు నుంచి నన్ను ఏఈగా, అంటే అసిస్టెంటు ఇంజనీరుగా, కొల్లేటి పక్కకి వేసినప్పుడు నాకు వచ్చింది గొయ్యి దొడ్డి ఒక్కటే. గొయ్యి తవ్వడం, సిమెంటు ఒరలు దింపడం, పైన బేసిను పెట్టి తలుపు బిగించడం, ఇంటాయన్ని తలుపు ముందు నిలబెట్టి ఫొటో తీయడం. ఉంగుటూరు వైపు కాస్త మెరకగా ఉన్న ఊళ్ళలో అది బాగానే నడిచింది. అదే డ్రాయింగు చంకన పెట్టుకుని కొల్లేటి అంచున ఉన్న ఒక ఊరికి వెళ్ళాను. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు ఇది చదివితే వాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది.

నేను వెళ్ళింది నడి వేసవి. నేల బీటలు వారి ఉంది. మూడు ఒరలు దింపితే అడుగున చెమ్మ తప్ప చుక్క నీరు కనిపించలేదు. "భేషుగ్గా ఉంది" అనుకుని ఊరంతా కట్టించేశాను.

వానలు ముదిరాక ఒక పొద్దున్న ఫోను వచ్చింది. "ఏఈ గారాండీ? నేను శాంతమ్మనండి, చర్చి వీధిలో ఉంటాం. మీరు కట్టింది మా ఇంట్లోకొచ్చేసిందండి. వచ్చి చూద్దురు గాని."

మోటారుసైకిలు గట్టు మీదే వదిలేసి మోకాలి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళాను. కొల్లేరు పొంగితే నీరు గుమ్మంలోంచే కాదు, నేల లోపలినుంచి కూడా వస్తుంది. కింద ఊరిన నీటితో గొయ్యి నిండి, అందులో ఉన్నదంతా బేసినులోంచి పైకి తేలి, పెరట్లోంచి వంటింటి అరుగు దాకా వచ్చేసింది. శాంతమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని మంచం మీద బియ్యం బస్తాలు పెడుతోంది. ఆవిడ భర్త ప్రకాశం గారు కోళ్ళని చూరు మీదకి ఎక్కిస్తున్నారు.

"ఇంతకుముందు గట్టు మీదకి పోయేవాళ్ళమండి," అంది శాంతమ్మ. "సిగ్గుపడి చచ్చేవాళ్ళం గానీ ఇల్లు శుభ్రంగా ఉండేది. ఇప్పుడు రెండూ లేవు. ఎంత మంచి పని చేసేరండీ!"

"నీళ్ళు తీశాక సర్దుకుంటుందమ్మా," అన్నాను.

ప్రకాశం గారు వెనక్కి తిరక్కుండానే అన్నారు. "ఏటేటా తీస్తాదండి. ఏటేటా వస్తాదండి. మీరేమో ఎండాకాలం వచ్చేరు."

ఇంజనీరింగులో నేను నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఏ ఊరికైనా దాని గడ్డు నెలలో వెళ్ళండి. మంచి నెలలో నేల ఎవరికైనా నచ్చుతుంది.

కింద రెండు గదులు

ఆ రోజుల్లో మా పై ఇంజనీరు, ఈఈ గారు, ఒక వింత మనిషి. తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరు అడిగేవారు కాదు. చెంబు అడిగేవారు. కొత్తగా కట్టిన దొడ్డిలోకి తనే వెళ్ళి వాడి వచ్చేవారు. "కట్టినవాడు కూర్చుని చూడకపోతే ఎవడు చూస్తాడయ్యా?" అని నన్నూ పంపేవారు. అలా కూర్చుంటేనే నాకు తెలిసింది, నా డ్రాయింగులో తలుపు లోపలికి తెరుచుకుంటుందనీ, మోకాళ్ళకి తగులుతుందనీ. కట్టిన ప్రతిదాన్నీ ఒక్కసారైనా వాడండి. నామోషీ పడకండి.

శాంతమ్మ ఇంట్లో చూసింది చూసినట్టు ఆయనకి చెప్పాను. తిట్టలేదు. "కిందికి తవ్వితే నీరొస్తోంది. మరి పైకి కడితే?" అన్నారు.

అలా మొదలైంది పొడి మరుగుదొడ్డి. చెప్పడానికి ఇది చాలా తేలిక. నేల మీద మూడడుగుల ఎత్తున రెండు గదులు కడతాం, అడుగున సిమెంటు చేస్తాం కాబట్టి వరద లోపలికి రాదు. గదుల వెనక, ఎరువు తీయడానికి, ఇటుకలు పేర్చి మూసిన చిన్న తలుపులు ఉంటాయి. గదులపైన దొడ్డి. మెట్లెక్కి వెళ్ళాలి. ఒక్కో గది మీద ఒక్కో రంధ్రం. ఒకసారికి ఒక గదే వాడాలి. మూత్రం ముందువైపు విడిగా గొట్టంలోంచి కుండలోకి పోతుంది. అది నీళ్ళు కలిపి మొక్కల మొదట్లో పోసుకోవచ్చు. కడుక్కున్న నీళ్ళు ఇంకో పక్కనుంచి అరటి పాదులోకి పోతాయి. లోపల పడేది మలం ఒక్కటే. వెళ్ళిన ప్రతిసారీ పైన గుప్పెడు బూడిద చల్లాలి. గది నిండాక మూసేసి రెండోది మొదలుపెట్టాలి. మూసిన గదిని ఏడాది పాటు ముట్టుకోకూడదు. ఆ ఏడాదిలో పురుగుల గుడ్లతో సహా అంతా చచ్చి, మన్నులాంటి ఎరువు మిగులుతుంది. వంగకీ, అరటికీ, కొబ్బరికీ మొదట్లో వేసి మట్టి కప్పుకోవచ్చు. పచ్చిగా తినే ఆకుకూరలకి మాత్రం వేయకూడదు.

అన్నీ బాగానే ఉన్నాయి, బూడిదే లేదు. ఇంటింటా గ్యాసు పొయ్యిలు వచ్చేశాయి. ఈ సంగతి నాకు గానీ, మా ఈఈ గారికి గానీ తట్టలేదు. తట్టింది ప్రకాశం గారికి.

"గూడెం మిల్లుల కాడ ఊక బూడిద గుట్టలుంటాయి కదండీ. ఎక్కడ పారబొయ్యాలో తెలీక రోడ్డు పక్కన పోస్తన్నారు. ఓ లారీ తెప్పించండి," అన్నారు. ధాన్యపు ఊక కాల్చిన నల్లటి బూడిద అది. తాడేపల్లిగూడెం నుంచి లారీ వచ్చింది. ఊరికి ఏడాదికి సరిపోయింది.

ప్రకాశం గారి గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయనది ఏలూరు. పెళ్ళయ్యాక శాంతమ్మ ఊరికి వచ్చి ఉండిపోయారు. అదే ఊళ్ళో సత్యనారాయణ గారని ఒక రైతు దగ్గర ఎకరం నేల కౌలుకి తీసుకుని కూరగాయలు పండించేవారు. వంగ, బెండ, గట్టు వెంట అరటి. శాంతమ్మ పొద్దున్నే గంపలో పెట్టుకుని ఊళ్ళో అమ్మేది, మిగిలితే భీమడోలు తీసుకెళ్ళేది. ఆయన వంకాయల కోసం చుట్టుపక్కల వాళ్ళు ఎదురుచూసేవారు. ఆ ఎకరం తప్ప వాళ్ళకి ఇంకో ఆధారం లేదు.

శనివారం కడుగు

మొదటి విడతలో ఓ పది ఇళ్ళకి పొడి దొడ్లు కట్టాం. సత్యనారాయణ గారింట్లో కూడా ఒకటి. ఆయన సెప్టిక్ ట్యాంకు కూడా వరదకి పైకి తేలింది మరి. చర్చి హాల్లో మీటింగు పెట్టి, చార్టు గోడకి తగిలించి, గంటసేపు చెప్పాను. నీళ్ళు పడకూడదు, తడి తగలకూడదు అని నొక్కి నొక్కి చెప్పాను. అందరూ తలలూపారు.

నెల తిరక్కుండా శాంతమ్మ ఇంట్లో కంపు మొదలైంది. గది వెనక తలుపు సందులోంచి నల్లటి నీరు కారుతోంది. లోపల పురుగులు. నేను మండిపడ్డాను.

"నీళ్ళు పొయ్యొద్దని చెప్పానా లేదా?"

"నేనెక్కడ పోసేనండీ! శనివారం కడుక్కున్నాను, అంతే."

రేపు ఆదివారం ప్రార్థన అంటే శనివారం ఇల్లంతా కడగడం ఆవిడకి చిన్నప్పటినుంచీ అలవాటు. గుమ్మం, అరుగు, వంటిల్లు, చివరికి దొడ్డి. నాలుగు బకెట్ల నీళ్ళు, ఫినాయిలు, కొబ్బరి చీపురు. ఎంత శుభ్రమైన ఇల్లాలైతే ఆ ఇంటి గది అంత పాడైంది. సత్యనారాయణ గారి ఇంట్లో మాత్రం కడిగే పనిమనిషి మానేసింది కాబట్టి వాళ్ళ గది పొడిగా ఉంది!

"మీటింగులో చెప్పాను కదమ్మా," అన్నాను.

"మీటింగుకి నన్ను పిలిచేరాండీ? మగాళ్ళని పిలిచి టీలిచ్చేరు. దొడ్డి కడిగేది మా ఆయనాండీ?"

మర్నాటినుంచి ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళతో మాట్లాడాను. శాంతమ్మే ముందు నడిచి, తడిగుడ్డతో పైన తుడుచుకుంటే చాలని చేసి చూపించింది. బూడిద డబ్బాకి మూత లేకపోతే పిల్లి వచ్చి అందులో పని కానిస్తోందని కూడా ఆవిడే కనిపెట్టింది.

గట్టు మీద చెప్పిన మాట

ఒక సాయంత్రం ఊక బూడిద దింపించి, ప్రకాశం గారూ నేనూ గట్టు మీద కూర్చున్నాం. ఆయనకి ఈ పని మీద ఎందుకింత శ్రద్ధో నాకు అర్థమయ్యేది కాదు. జీతమా, భత్యమా? అడిగేశాను.

ఆయన చేపల చెరువుల వైపు చూస్తూ చెప్పారు. "మా అమ్మ ఏలూర్లో పాయిఖానాలు ఎత్తేదండి. ఇళ్ళ వెనక సందులుండేవి కదా, ఆ సందుల్లోంచి పోయి డబ్బాలు తీసి తట్టలో పోసుకుని మోసేది. వానాకాలం మొహం మీదకి కారేదండి. ఇంటికొచ్చి మూడుసార్లు కుంకుడుకాయ రుద్దుకునేదాకా నన్ను దగ్గిరికి రానిచ్చేది కాదు. ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదండి. ఆసుపత్రిలో ఆయా అని చెప్పేను. శాంతమ్మకి తప్ప, ఇదిగో ఇప్పుడు మీకు."

నేను ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరు మీటింగులో అన్నారు, ఇది మోసేవాళ్ళు లేని మరుగుదొడ్డి అని. నేనందుకే వచ్చేనండి."

ఆ మాట నేను నిజంగానే అన్నాను. చార్టులో ఉంటే చదివాను.

పార

అందరి ఇళ్ళ కంటే ముందు నిండింది సత్యనారాయణ గారి గది. పెద్ద కుటుంబం, నీళ్ళూ పడలేదు. మూసేసి ఏడాది అయింది. తెరవడానికి రోజు పెట్టుకున్నాం. ఊరంతా చూస్తే నమ్మకం కుదురుతుందని డప్పు వేయించాను. ఈఈ గారు పదకొండింటికి వస్తానన్నారు. గది తీయడానికి ఏలూరు నుంచి ఇద్దరు మనుషుల్ని మాట్లాడాను. చదువుతున్నవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అది ఎరువేనని రెండేళ్ళు ఊరికి చెప్పినవాణ్ణి, దాన్ని తీయడానికి మనుషుల్ని మాట్లాడాను! అందులో తప్పేమిటో నాకు ఆ రోజు పొద్దున కూడా తెలియలేదు.

ఆ మనుషులు రాలేదు. పదిన్నరైంది. పెరడంతా జనం. గది వెనక తలుపు ముందు కొత్త పార పడుంది. సత్యనారాయణ గారు "ఎవరో ఒకరు తీయాలి కదండీ" అన్నారు. అందరూ నా వైపు చూశారు.

పార నాకు రెండడుగుల దూరంలో ఉంది. నా చెయ్యి లేవలేదు. అసహ్యం వేసింది. ఇదే నిజం. చుట్టూ చూశాను. ప్రకాశం గారు ఊక బూడిద గంప పట్టుకుని ఒక పక్కన నిలబడి ఉన్నారు.

"ప్రకాశం, నువ్వు రా," అన్నాను. ఆయన కదల్లేదు. టైము మించిపోతోందని నాకు కంగారు. "రావయ్యా, మీ అమ్మ కాలం నుంచీ మీకు అలవాటైన పనే కదా!"

అన్నాను. అందరూ వినేలా అన్నాను.

ఆయన గంప నెమ్మదిగా కింద పెట్టారు. నా వైపు ఒక్కసారి చూశారు. కోపంగా కూడా కాదు, దారిలో ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశారు. జనంలోంచి దారి చేసుకుని వెళ్ళిపోయారు. వెనకాల ఎవరో "ఏంటీ, వాళ్ళమ్మ..." అని గుసగుస మొదలెట్టారు. ఆ రోజు గది తీయలేదు. దారిలో ఉన్న ఈఈ గారికి ఫోను చేసి రావద్దన్నాను.

వారం తిరగలేదు, శాంతమ్మ గంప నిండుగా వెళ్ళి నిండుగా తిరిగి రావడం మొదలైంది. "వంకాయలొద్దులే శాంతమ్మా, ఇంట్లో ఉన్నాయి." ప్రతి గుమ్మంలోనూ ఇదే మాట. పండించే చేతులు అవే, వంగ తోట అదే. నిన్నటిదాకా ఎగబడి కొన్నవాళ్ళే. పది రోజులకి సత్యనారాయణ గారు కబురు పెట్టారు, ఈ పంట అయ్యాక కౌలు ఇంకొకరికి ఇచ్చేస్తానని. "నాకేం పట్టింపు లేదండీ, ఊళ్ళో నలుగురూ అంటున్నారు," అని నాతో అన్నారు. ఆ నలుగురిలో తనూ ఉన్నారని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

ఏలూరు వెళ్ళి ఈఈ గారికి జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"దీనికి మెమో ఇవ్వడానికి నా దగ్గర రూలు లేదయ్యా. ఉంటే ఇచ్చేవాణ్ణి. నీకూ తేలికైపోయేది. నన్నెందుకు అడుగుతావు? ఆయన దగ్గరికి వెళ్ళు."

తట్ట

వెళ్ళడానికి మూడు రోజులు ధైర్యం చాల్లేదు. నాలుగో రోజు వెళ్తే శాంతమ్మ గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"ఏవండీ, మా అత్త చచ్చిపోయి ఇన్నేళ్ళయింది. ఆవిడ నెత్తి మీద తట్ట ఎప్పుడో దించేసేం అనుకున్నాం. మీరు తెచ్చి మళ్ళీ మా ఆయన నెత్తిన పెట్టేరు. ఏం పాపం చేసేమండీ మీకు? మీ బూడిద మొయ్యలేదా? మీ కూడా తిరగలేదా?"

ఆవిడ ఏడవలేదు. నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి. సిగ్గుతో వచ్చాయి. "తప్పయిపోయిందమ్మా," అన్నాను. ఆ మాట నా చెవికే చాలా చిన్నగా వినిపించింది.

ప్రకాశం గారు లోపలినుంచి వచ్చారు. "ఊరుకో శాంతా," అని నాకు కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు.

"సత్యనారాయణ గారితో మాట్లాడతాను. ఊళ్ళోవాళ్ళతో మాట్లాడతాను. ఏం చెయ్యమంటే అది చేస్తానండి," అన్నాను.

"మీరు మాటాడితే ఇంకా పెద్దదవుద్దండి. ఒద్దు." గుమ్మం దిగి నా ముందుకొచ్చి అన్నారు. "ఒకటి చేస్తారా? ఆ గది మీరు తియ్యండి. పట్టపగలు, మొన్నొచ్చిన జనమందరి ముందూ. తీసి, మీ నెత్తి మీద మీరే మోసుకొచ్చి నా తోటలో వెయ్యండి. ఎరువన్నారు కదా. ఎరువో కాదో నేను చూడాలి."

మళ్ళీ డప్పు వేయించాను. ఈసారి రెండింతల జనం వచ్చారు, ఇంజనీరు గారు దొడ్డి ఎత్తుతారట అని. వెనక తలుపు ఇటుకలు నేనే ఊడదీశాను. ఊపిరి బిగబట్టి పార లోపలికి దింపాను.

మన్ను. నల్లగా, పొడిగా, పొడిపొడిగా రాలే మన్ను. వాన పడ్డాక దుక్కిలోంచి వచ్చే వాసన. అంతే. చేతికి వేసుకున్న గ్లవుసులు తీసేసి గుప్పిట్లోకి తీసుకున్నాను. రెండేళ్ళుగా ఊరికి చెప్తూ వచ్చింది నేను నమ్మనేలేదని అప్పుడు తెలిసింది. నమ్మి ఉంటే మొన్ననే నా చెయ్యి పార మీదకి వెళ్ళేది. ప్రకాశం గారిని పిలవాల్సిన అవసరమే ఉండేది కాదు.

పదకొండు తట్టలు నెత్తి మీద మోశాను. సత్యనారాయణ గారి పెరటి నుంచి ఊరి మధ్యలోంచి తోట దాకా. కొందరు నవ్వారు. ఒక ముసలావిడ దారిలో ఆపి తట్టలోంచి చిటికెడు తీసి వాసన చూసి, "మట్టే కదే, దీనికింత రాద్ధాంతమా!" అంది. ప్రకాశం గారు తోటలో గట్టు మీద కూర్చుని, నేను ప్రతి వంగ మొదట్లోనూ వేసి మట్టి కప్పేదాకా చూస్తూ ఉన్నారు. సాయం పట్టలేదు. పట్టకపోవడమే న్యాయం. సాయంత్రం బయల్దేరేముందు నీళ్ళ చెంబు ఇచ్చారు.

ఇక్కడితో అంతా చక్కబడిందని రాయగలిగితే బాగుండేది. కాయలు ఎప్పటికంటే బాగా కాశాయి, ఊళ్ళో కొనేవాళ్ళు కొద్దికొద్దిగా మళ్ళీ కొన్నారు. కానీ సత్యనారాయణ గారు అన్నట్టే ఆ పంట అయ్యాక కౌలు తీసేశారు. నేను వెళ్ళి బతిమాలినా వినలేదు. ప్రకాశం గారు చేపల చెరువు మీద మేత చల్లే పనికి కుదిరారు. రైతుగా ఉన్న మనిషి రోజుకూలీ అయ్యారు. నా ఒక్క మాట వల్ల అయ్యారు. తట్టలు మోస్తే మాట వెనక్కి రాదు.

అప్పటినుంచి మా పనిలో ఒక రూలు పెట్టుకున్నాను. ఏ కాగితం మీదా లేని రూలు. ఎవరి గది వాళ్ళే తీయాలి. మనిషిని పెట్టకూడదు, డబ్బిచ్చి కూడా తీయించకూడదు. అలా ఒప్పుకున్న ఇంటికే కడతాం. ముదినేపల్లి వైపు రెండు ఊళ్ళలో దీనికి ఒప్పుకోక పని వదిలేశారు. లెక్క తగ్గిందని పైనుంచి నాకు అక్షింతలు పడ్డాయి. పడనీ అనుకున్నాను.

రెండో గది

ఏడాది తిరిగింది. సత్యనారాయణ గారి రెండో గది తీయాల్సిన సమయం వచ్చింది. ఆయన ఫోను చేశారు.

"ఓ మనిషిని పంపండి ఏఈ గారూ."

"మనిషిని పంపనండి. నేనొచ్చి పక్కన నిలబడతాను. మీరే తీయాలి."

"నేనా! అదేం మాటండీ. మా ఇంటా వంటా ఉందా?"

"అయితే మూసేసి పెట్టుకోండి," అని ఫోను పెట్టేశాను.

వాడుతున్న గది అంచుదాకా వచ్చింది. ఇంకో నెలలో వానలు. పదిరోజులు పంతం పట్టి కూర్చున్నారు. చివరికి ఆయన భార్య తెగేసి చెప్పిందట, "రేపు పొద్దున్న మీరు తియ్యకపోతే నేను తీస్తాను, ఊరు మిమ్మల్ని చూసి నవ్వుద్ది," అని. తీయడానికైతే ఒప్పుకున్నారు గానీ ఎలా తీయాలో ఆయనకి తెలియదు. నేను వచ్చేసరికి మధ్యాహ్నమవుతుందని చెప్పాను. అప్పుడు ఆయన తనంతట తానే చర్చి వీధికి నడిచి వెళ్ళి ప్రకాశం గారి గుమ్మం ముందు నిలబడి, "ఓసారి రావా, దగ్గిరుండి చెబుదువు గానీ" అని అడిగారట. ఇది శాంతమ్మ తరవాత నాకు చెప్పింది. "ఎల్లొద్దన్నానండి. ఆయనే, ఎరువు పాడవుద్దేమో చూసొస్తానన్నాడు," అంది.

నేను వెళ్ళేసరికి పెరట్లో ప్రకాశం గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. సత్యనారాయణ గారు పంచె ఎగగట్టి గదిలోంచి తీస్తున్నారు.

"అంత లోతుగా పొడవకండి, పైనుంచి గీసుకోండి... ఆ ఉండ చూడండి, చిదపండి. తడుందా? లేదు. సరే, పొయ్యండి." ఇలా చెప్తూ ఉన్నారు.

గంటన్నర పట్టింది. గోనెసంచులు నిండాయి. సత్యనారాయణ గారు నీళ్ళ తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, కడిగిన చేతులు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నారు. ఏ వాసనా లేకపోయేసరికి ఆశ్చర్యపోయారు.

"ఇదెక్కడ వెయ్యమంటావు?" అని అడిగారు.

"మీ ఎకరంలో పడమటి మూల వెయ్యండి," అన్నారు ప్రకాశం గారు. ఆలోచించుకోలేదు. "అక్కడ ఉత్త బంకమన్నండి. నీరు దిగదు, వేరు దిగదు. ఏడేళ్ళు ఆకూ అలమూ వేసి వేసి సగం దారికి తెచ్చేను. మొన్న చెరువు మీదకి పోతా చూసేను, మళ్ళీ పలకలు కట్టేసింది."

సత్యనారాయణ గారు తల దించుకున్నారు. కొత్తగా కౌలుకి తీసుకున్నవాడు ఒక్క పంటకే వదిలేసి పోయాడనీ, నేల బీడు పడి ఉందనీ నాకు అప్పుడు తెలిసింది.

"మళ్ళీ కౌలుకి చేస్తావా ప్రకాశం?" అన్నారాయన. "నాదే తప్పు. నలుగురి మీదా పెట్టేను గానీ, నాదే."

ప్రకాశం గారు లేచి వెళ్ళి ఒక సంచిలో చెయ్యి పెట్టారు. గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, మళ్ళీ సంచిలోకే వదిలారు.

"ఈ సంచులు మీరే తీసుకెళ్ళి వెయ్యండి," అన్నారు. "కూలీని పెట్టకండి. ఆ మూలంతా పరిచేక కబురు చెయ్యండి. దున్నడానికి నేనొస్తాను."